వెండి నేర్పు



మనము కట్టు పాలియెస్టరు చీరకును వెండికిని సంబంధము కలదనిన నవ్వుదురేమో. మా యింటివారు చెప్పినపుడు నేనును నవ్వితిని.

గడ్డిలో మాగవేసిన మామిడికాయ విడుచు వాయువే ఎథిలీను. దీనినే పెట్రోలియమునుండియు విస్తారముగాఁ దీయుదురు. ఇది ప్రాణవాయువుతోఁ గూడి పూర్తిగా మండెనేని బొగ్గుపులుసు వాయువును నీరును మిగులును, సొమ్మంతయు గాలిపాలు. అణువునకొక్క ప్రాణవాయు పరమాణువును మాత్రమే చేర్చి యంతట నిలుపఁగలిగిన ఎథిలీను ఆక్సైడు పుట్టును. దానినుండి గ్లైకాలును, గ్లైకాలును వేఱొక యామ్లముతోఁ గలుప పాలియెస్టరు నూలును వచ్చును.

పూర్వ మీ పనిని క్లోరినుతోను సున్నముతోను జేయుచుండిరి. పనికిమాలిన కాల్షియము క్లోరైడు నీరు అపారముగా మిగిలెడిది. 1931లో ఫ్రాన్సు దేశీయుఁడగు లెఫోర్ వెండిని ప్రయోగించి త్రోవ చూపెను. అల్యూమినా గుళికలపై వెండిని సూక్ష్మరేణువులుగాఁ బఱచి, సుమారు 250 డిగ్రీల వేఁడిలో వాయువులను దానిమీఁదుగా నడపుదురు. వెండి ప్రాణవాయువును తన యొడలి కంటించుకొని, వచ్చిన ఎథిలీనునకు మితముగా నందించును. నెయ్యి కొసరి వడ్డించు అత్తగారు జ్ఞప్తికి వచ్చినది నాకు!

అంతకన్న వింత యొకటి. క్లోరినుగల పదార్థమును, పులుసులో నింగువవలె, లేశమాత్రము చేర్చిన వెండి మఱింత నిదానముగాఁ బనిచేయును. ఎక్కువైనచోఁ బని చెడును.

ఇంత నేర్పున్నను, నేఁటి మేలైన వెండితోఁగూడ నూటికిఁ బదివంతుల ఎథిలీను మండిపోవుచునే యున్నది. పుట్టిన యాక్సైడో, ఆసుపత్రి పరికరములను శుద్ధిచేయునదే యయ్యు, పీల్చినవారికి విషము. చిరకాలము సోఁకినఁ గ్యాన్సరు తెచ్చును. ఆ కర్మాగారములలోఁ బనిచేయువారి క్షేమమును వెండి చూడదు, యజమానులే చూడవలెను.