తిరుప్పూరు దెబ్బ వరంగల్లుకు ఎంత?

2025 ఆగస్టు 27 నుండి అమెరికా మన సరకుపై అదనపు సుంకాన్ని మొత్తం 50 శాతానికి పెంచినప్పుడు ముందుగా ఉలిక్కిపడింది తిరుప్పూరు బనియన్ల వ్యాపారం. ఆ దెబ్బ కోయంబత్తూరు నూలు మిల్లుల మీదుగా వరంగల్లు ఎనుమాముల యార్డుకు, ఆదిలాబాదుకు, గుంటూరుకు ఎంతవరకు పాకుతుందన్నది పత్తి వర్తకుల ప్రశ్న. ఇటువంటి ప్రశ్నలకు ఆర్థికవేత్తలు బహుప్రాంతీయ ప్రభావ విశ్లేషణ అనే పద్ధతిలో జవాబు చెబుతారు. పద్ధతి మంచిదే. అయితే నివేదిక మొదటి పుటలో కనిపించే పెద్ద అంకెను పట్టుకొని సరకు కొనడమో వదిలించుకోవడమో చేస్తే చేతులు కాలక తప్పదు.

ఒక పరిశ్రమ సరకు మరొక పరిశ్రమకు ముడిసరకుగా ఎంత పోతున్నదో చూపే ఇన్‌పుట్-అవుట్‌పుట్ పట్టికలకు ఆద్యుడు లియోంటీఫ్. 1973లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. ఆ పట్టికను ప్రాంతాలవారీగా విడదీసే మార్గాన్ని 1951లో ఐజార్డ్ చూపాడు. తిరుప్పూరులో ఒక ఆర్డరు రద్దయితే ఏ రాష్ట్రంలో ఏ వ్యాపారం ఎంత తగ్గుతుందో ఈ పట్టికలను బట్టి కట్టవచ్చు.

చిక్కు మొత్తాల దగ్గర వస్తుంది. ఉదాహరణకు, కేవలం లెక్క కోసం, 100 రూపాయల బనియన్ల ఆర్డరు తీసుకుందాం. అందులో నూలు ఖరీదు 60, ఆ నూలుకు పోయిన దూది 40, ఆ దూదికి పోయిన పత్తి 35 అనుకుందాం. నాలుగూ కలిపితే 235. ఆర్డరు పోతే “ఆర్థిక వ్యవస్థకు 235 రూపాయల నష్టం, గుణకం 2.35” అని నివేదిక చెబుతుంది. అది టర్నోవరు మాత్రమే. అదే పత్తి నాలుగు చేతులు మారి నాలుగుసార్లు ఖాతాకెక్కింది. ఒకే బస్తా మూడు దుకాణాలు మారితే మూడు బస్తాలని ఏ గుమాస్తా రాయడు. జోడించిన విలువను చూస్తే బనియన్ల వారికి 40, నూలు మిల్లుకు 20, జిన్నింగుకు 5, రైతు వద్ద 35, వెరసి 100. అంతకు మించి పోవడానికి అక్కడ ఏమీ లేదు.

ఇక ప్రాంతాలవారీ లెక్క. టర్నోవరు ప్రకారం పత్తి ప్రాంతం వాటా 75, జోడించిన విలువ ప్రకారం 40. రైతు 35లో నుండి బయటి నుంచి వచ్చే ఎరువులు, పురుగుమందుల ఖరీదు తీసివేస్తే అది ఇంకా తగ్గుతుంది. అడ్తీదారుకు కావలసింది ఈ చివరి అంకె. నివేదికలో అది సాధారణంగా వెనుక పుటల్లో అనుబంధంగా వుంటుంది.

పట్టికలోని రవాణా అంకెలను కూడా అడిగి చూడవలసిందే. రాష్ట్రాల మధ్య సరకు రాకపోకలపై ప్రభుత్వం చాలాకాలంగా వేస్తున్న గణాంకాలు రైలు, నది, విమాన మార్గాలవి. దూది బేళ్లు ఎక్కువగా పోయేది లారీల మీద. 2018 ఏప్రిల్ నుండి అంతర్రాష్ట్ర సరకుకు ఇ-వే బిల్లు తప్పనిసరి అయింది కనుక మంచి ఆధారమే వున్నది. అది చూడకుండా దేశం మొత్తం నిష్పత్తులను రాష్ట్రాలకు పంచి కట్టిన లెక్క అయితే, కోయంబత్తూరు మిల్లు వరంగల్లు దూది కొంటున్నదా, గుజరాత్ దూది కొంటున్నదా అన్నది వూహే.

అన్నింటికంటే పెద్ద లోపం, ఈ లెక్కకు ధర తెలియదు. గిరాకీ తగ్గితే అదే నిష్పత్తిలో కొనుగోలు తగ్గుతుందని అది భావిస్తుంది. యార్డులో జరిగేది వేరు. 2025-26 సీజనుకు పొడవు పింజ పత్తికి క్వింటాలుకు 8,110 రూపాయలు, మధ్యరకానికి 7,710 రూపాయలు మద్దతు ధర. కాటన్ కార్పొరేషన్ ఆ ధరకు కొంటే తిరుప్పూరు నష్టంలో పత్తి వంతు రైతుకు బదులు కార్పొరేషన్ ఖాతాలోకి పోతుంది. తేమ 12 శాతం దాటిన పత్తిని కార్పొరేషన్ తీసుకోదు. 2025 అక్టోబరు చివర మొంథా తుపాను వర్షాలకు తడిసిన సరకు ప్రైవేటు వర్తకుల చేతికే వచ్చే సరకు. దాని ధర తగ్గుదలలో అమెరికా సుంకం వంతు ఎంత, తడి వంతు ఎంత అన్నది ఆ పట్టిక విడదీయలేదు. దీనికి తోడు ఆగస్టు 19 నుండి డిసెంబరు 31 వరకు దూదిపై 11 శాతం దిగుమతి సుంకం ఎత్తివేశారు. ఆ నాలుగు నెలల్లో వచ్చిన విదేశీ దూది మేరకు తిరుప్పూరు ఆర్డర్లు నిలబడినా ఆ డబ్బు ఎనుమాములకు రాలేదు. పాత నిష్పత్తులతో కట్టిన లెక్కలో ఇది కనబడదు.

వరంగల్లు మెగా టెక్స్‌టైల్ పార్కు వంటి వాటిపై వచ్చే అంచనాలకూ ఇదే పరీక్ష పెట్టాలి. 2023లో కేంద్రం ప్రకటించిన ఏడు పీఎం మిత్ర పార్కుల్లో అది ఒకటి. పై ఉదాహరణలో నూలు మిల్లు వంతు 20 రూపాయలు అక్కడికి వస్తే తెలంగాణకు లాభమే, జిన్నరుకు కిరాయి కూడా మిగులుతుంది. ఆ నూలు కొత్త గిరాకీకి కాక పాత గిరాకీకే అయితే అదే 20 తమిళనాడు ఖాతాలో తగ్గుతుంది. ఒక్క రాష్ట్రానికే చేసిన లెక్కలో ఈ తగ్గుదల వుండదు. ఉద్యోగాల సంఖ్య కూడా తరచు ఒక మనిషికి ఒక ఏడాది పని అనే కొలతలో వుంటుంది. ఐదేళ్లు పనిచేసే ఒక కార్మికుడు అందులో ఐదుగురుగా లెక్కకు వస్తాడు.