ముందుగా బయటి దారి



ఈ మాసం మేము ముచ్చటించదలచినది ఒక ఆటను గురించి. రుసుము చెల్లించి, మనంతట మనమే ఒక గదిలో బందీలమై, గంటలోపున అందులోని చిక్కుముడులు విప్పుకొని బయటపడవలసిన ఆట ఇది. దీనిని ‘ఎస్కేప్ రూమ్’ అంటారు. ఇల్లూ వాకిలీ ఉండగా డబ్బిచ్చి చెరసాలకు పోవడమేమిటని మా ఇంటి పెద్దలు ముక్కున వేలు వేసుకొన్నారు. ఆడి వచ్చిన తరువాత మాత్రం, ఉక్కు కర్మాగారం నీడలో బ్రతికే మనవంటి కుటుంబాలు ఈ ఆట నుండి నేర్చుకోదగినది ఒకటి ఉన్నదని మాకు తోచింది. అందుకే ఈ నాలుగు మాటలు.

ఆట పుట్టుపూర్వోత్తరాలను క్లుప్తంగా మనవి చేస్తాము. మూసిన గది నుండి తప్పించుకొనే ఆటలు మొదట కంప్యూటరు తెరమీద వచ్చాయి. వాటి స్ఫూర్తిని నిజమైన గదిలోకి తెచ్చినవారు జపాను దేశీయుడైన తకావో కతో. 2007లో క్యోటో నగరంలో తమ ‘స్క్రాప్’ సంస్థ పక్షాన ‘రియల్ ఎస్కేప్ గేమ్’ అన్న పేరుతో ఆయన దీనిని నిర్వహించారు. 2011లో హంగరీ రాజధాని బుడాపెస్టులో ‘పారాపార్క్’, 2012లో లండనులో ‘హింట్‌హంట్’ వెలసినవి. ఆ పిమ్మట కొద్ది సంవత్సరాలకే మన దేశపు పెద్ద నగరాలకు, హైదరాబాదుకు కూడ, ఈ వినోదం వచ్చి చేరింది.

భిలాయి పవర్ హౌస్ రైల్వేస్టేషను పరిసరాలలో, క్యాంపు-1, క్యాంపు-2, ఖుర్సీపార్ బస్తీలలో తెలుగు మాట వినబడని వీధి అరుదు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుండి మన తాతల తరంవారు ఉక్కు పనికి వచ్చి ఇక్కడే స్థిరపడిన సంగతి తెలిసినదే. గడచిన వేసవిలో హైదరాబాదులో ఒక వివాహానికి మా వీధి నుండి మూడు కుటుంబాలవారం కలిసి వెళ్ళాము. పెళ్ళి మరునాడు, ఎండలో ఊరు తిరుగలేక, పిల్లలు పట్టుబట్టగా ఎనిమిదిమందిమి ఆ ఆటస్థలానికి చేరుకొన్నాము. కాలేజీ పిల్లలు ముగ్గురు, ఎనిమిదేళ్ళ పాప ఒకతె, గృహిణులు ఇద్దరు, మేము, మాతోపాటు కర్మాగారంలోని గ్యాసు విభాగంలో ముప్పది యేళ్ళకు పైగా పనిచేసి పదవీ విరమణ చేసిన పెద్దాయన ఒకరు. ఇదీ మా బృందం.

మేము ఆడవలసిన గదిని పాతకాలపు జమీందారు మేడలా అలంకరించారు. నిర్వాహకుడైన కుర్రవాడు నియమాలు చెప్పాడు. గడువు అరవై నిమిషాలు. గదిలో కెమెరాలు ఉంటాయి. బయట కూర్చున్నవారు తెరమీద మమ్మల్ని గమనిస్తూ ఉంటారు. దారి తోచనప్పుడు మూడుసార్లు సలహా అడగవచ్చు. సందేహాలేమైనా ఉన్నాయా అని అతడు అడుగగా పిల్లలు లేవని తలలూపారు. పెద్దాయన మాత్రం కదలలేదు.

“తలుపుకి బయట తాళమేసేస్తారా బాబూ?”

“అయస్కాంతం తాళం సార్. ఆట అయ్యేదాకా తెరుచుకోదు.”

“కరెంటు పోతేనో?”

“పోతే తాళం దానంతటదే వదిలేస్తుంది సార్. తలుపు పక్కన ఆకుపచ్చ బొత్తాం కూడా ఉంది. నొక్కితే తెరుచుకుంటుంది.”

“ఓపాలి నొక్కి చూపించు నాయనా.”

కుర్రవాడు నవ్వుతూ నొక్కి చూపించాడు. పెద్దాయన అంతటితో విడువలేదు. లోపలికి వెళ్ళి, తలుపు మూయించి, తామే మరల నొక్కి, తలుపు తోసి చూచుకొన్నారు. బొత్తాము పాపకు అందుతుందో లేదో పరీక్షించారు. మంటలార్పే సిలిండరు ఎక్కడ ఉన్నదని అడిగి దాని దగ్గరకు వెళ్ళి చూచి వచ్చారు. “తాతయ్యా, మనం ఆడుకోడానికి వచ్చాం, ఇన్‌స్పెక్షన్‌కి కాదు” అని మా అబ్బాయి విసుక్కొన్నాడు. వెనుక వేచియున్న మరొక బృందంవారు కిసుక్కున నవ్వారు. మాకు కూడ కొంత సిగ్గు వేసిన మాట దాచము.

తలుపు మూసుకొన్నది. గోడమీద ఆగిపోయిన గడియారం, తాళం వేసిన భోషాణం, పటాలు లేని చట్రాలు, బల్లమీద ఒక చెక్కపీట. మొదటి పది నిమిషాలు ఎవరికి వారే యమునా తీరే. దొరికిన కాగితపు ముక్కను ఒకరు జేబులో వేసుకొన్నారు. దొరికిన తాళపుచెవిని ఇంకొకరు గుప్పిట పట్టుకొన్నారు. ఇద్దరు ఒకే పెట్టెను ఒకరి తరువాత ఒకరు వెదికారు. ఒక్క తాళమూ ఊడలేదు. చివరకు గృహిణులలో ఒకరు, “ఎవరికి ఏది దొరికిందో ముందు బల్లమీద పెట్టండి” అని గదమాయించారు. వస్తువులన్నీ ఒకచోట చేరిన తరువాత గాని మా బుద్ధి పనిచేయలేదు. ఆ చెక్కపీట ఏమిటో కాలేజీ పిల్లలకు అంతుబట్టలేదు. గృహిణులు చూడగానే పోల్చుకొన్నారు. అది వామనగుంటల పీట! పదునాలుగు గుంటలలో నాలుగింటిలోనే గింజలు ఉన్నవి. వాటిని లెక్కించి అంకెల తాళం తిప్పగా భోషాణం తెరుచుకొన్నది. పిల్లల కేరింతలకు గది మారుమ్రోగింది.

నలుబది నిమిషాలు దాటిన తరువాత గోడలోని రహస్యపు తలుపు తెరుచుకొని మరొక చిన్న గది కనిపించింది. మేము అందులో అడుగు పెట్టగానే, ఆటలో భాగంగా, దీపాలు ఆరిపోయి ఏదో మూలుగు వినిపించింది. పాప బావురుమన్నది. ఊపిరి ఆడడం లేదని ఏడ్వసాగింది. మిగిలినది ఒక్క తాళమే. చేతిలో ఇంకను పది నిమిషాల వ్యవధి ఉన్నది. “రెండు నిమిషాలు ఓర్చుకో తల్లీ” అన్నది మరెవరో కాదు, మేమే. పెద్దాయన ఆ మాట వినిపించుకోలేదు. పాపను ఎత్తుకొని, ఆ చీకటిలో తడుముకొనకుండ మొదటి గదిలోకి నడచి, బొత్తాము నొక్కి, తలుపు తోసుకొని బయటికి వెళ్ళిపోయారు. నియమం ప్రకారం ఆట అంతటితో ముగిసింది. మేము ఓడిపోయాము.

బయట టీ దుకాణం వద్ద పిల్లలు మూతి ముడుచుకొని కూర్చున్నారు. పాప అప్పటికే తేరుకొని ఐస్‌క్రీము తింటున్నది. “ఉత్త భయమే కదా తాతయ్యా, ఇంకొక్క తాళం తీస్తే గెలిచేవాళ్ళం” అని మా అబ్బాయి సణిగాడు. పెద్దాయన టీ ముగించి నింపాదిగా చెప్పారు: “ఊపిరాడ్డం లేదని ఎవరైనా అంటే, అది భయమా గ్యాసా అని తేల్చుకోడానికి ఆగే అలవాటు నాకు లేదురా. ముందు బయటికి. ఎందుకూ ఏమిటీ అన్నది తర్వాత.”

ఇది వట్టి చాదస్తం కాదని తెలుపడానికి ఒక దుర్ఘటనను జ్ఞాపకం చేయవలసియున్నది. 2019 జనవరి 4న పోలండు దేశంలోని కోషాలిన్ పట్టణంలో పుట్టినరోజు వేడుకకై ఎస్కేప్ రూముకు వెళ్ళిన పదునైదేళ్ళ బాలికలు ఐదుగురు అందులోనే మరణించారు. అక్కడ వెచ్చదనానికై వాడిన గ్యాసు పరికరం వద్ద మంటలు లేచాయి. వారికి బయటి దారి మూసుకుపోయింది. ఆ పసిపిల్లల ప్రాణాలు తీసినది కార్బన్ మోనాక్సైడు అని పరీక్షలలో తేలింది. దరిమిలా ఆ దేశమంతటా ఇటువంటి ఆటస్థలాలను తనిఖీ చేసి, లోపాలున్నవాటిని మూయించారు. మన దేశం సంగతి చూచినా, 2024 మే 25న గుజరాతు రాష్ట్రంలోని రాజకోటలో ఒక ఆటల కేంద్రం కాలిపోయి పాతికమందికి పైగా అసువులు బాసారు. వారిలో పిల్లలును ఉన్నారు. ఆ కేంద్రానికి అగ్నిమాపక శాఖ అనుమతి పత్రమే లేదని తరువాత బయటపడింది.

కార్బన్ మోనాక్సైడు పేరు పవర్ హౌస్ వాసులకు కొత్తగా చెప్పనక్కరలేదు. బ్లాస్ట్ ఫర్నేసు వాయువులో సుమారు ఐదవ వంతు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి, అదే. దానికి రంగు లేదు, వాసన లేదు. మన నెత్తురులోని హిమోగ్లోబిను ప్రాణవాయువును పట్టుకొనేదానికంటె రెండువందల రెట్లకు పైగా గట్టిగా దానిని పట్టుకొంటుంది. తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చినట్లుండడం, ఆపైన కాళ్ళు కదలకపోవడం. ప్రమాదమని తెలిసేసరికి లేచి నడిచే శక్తి ఉండదు. 2014 జూన్ 12న భిలాయి ఉక్కు కర్మాగారంలో నీటి పంపుహౌసులోకి ఈ వాయువు చొరబడి ఆరుగురు మరణించారు. వారిలో ఇద్దరు డిప్యూటీ జనరల్ మేనేజరు హోదాలోనివారు. విషవాయువుకు హోదా తెలియదు, అనుభవం తెలియదు.

ఈ కారణంచేతనే 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం తన 36వ సెక్షనులో ఒక నియమం పెట్టింది. విషవాయువు ఉండదగిన గది, తొట్టి, గొట్టం వంటి చోట్లకు, బయటపడే మార్గం చాలినంతగా లేనిదే ఎవరినీ పంపరాదన్నది. లోపలి గాలిని పరీక్షించి తగిన అధికారి ధ్రువపత్రం ఇవ్వవలెనన్నది. అది లేనప్పుడు, దిగేవాడు శ్వాస పరికరం ధరించవలెనని, అతని నడుమున త్రాడు కట్టవలెనని, ఆ త్రాటి రెండవ కొన బయట ఒక మనిషి చేతిలో ఉండవలెనని చెప్పింది. ముందు బయటి దారి, ఆ తరువాతనే ప్రవేశం. ఆటస్థలంలో పెద్దాయన అడిగినవన్నీ ఈ ప్రశ్నలే. బొత్తామే ఆయనకు దారి, కెమెరా ముందు కూర్చున్న కుర్రవాడే త్రాడు పట్టుకొన్న మనిషి.

తిక్కన సోమయాజి తెనిగించిన ద్రోణపర్వంలోని అభిమన్యుని గాథ మనందరికి సుపరిచితమే. పద్మవ్యూహంలోకి చొచ్చుకొనిపోవడం ఆ బాలునికి తెలుసు, వెలుపలికి రావడం తెలియదు. ఆ మాట అతడు దాచలేదు. వెనువెంటనే మేమంతా వస్తాము, నీవు దారి తీయుమని పెద్దలు పంపారు. సైంధవుడు అడ్డగించాడు. బయట ఉండి కాపాడవలసినవారు బయటనే నిలిచిపోయారు. ఈ కథ వినినప్పుడెల్ల మనము అభిమన్యుని శౌర్యానికి చేతులు జోడిస్తాము. దారి తెలియదని చెప్పినవానిని లోపలికి పంపిన పెద్దల తొందరపాటును కూడ ఒకసారి తలచుకోవడం అవసరం. “రెండు నిమిషాలు ఓర్చుకో” అని ఎనిమిదేళ్ళ పాపతో అన్ననాడు మేమును ఆ పెద్దల వరుసలోనే నిలిచియున్నాము.

ఇక ఇంటి సంగతి. శీతకాలం వచ్చినదంటే మన బస్తీలలో బొగ్గు కుంపటి, ఇక్కడివారి మాటలో సిగ్డీ, రాజుకొంటుంది. చలికి ఓర్వలేక కొందరు దానిని పడకగదిలో పెట్టుకొని తలుపులు, కిటికీలు బిగించి నిద్రిస్తారు. కర్మాగారంలో గొట్టాలు, మీటర్లు, సైరన్లు పెట్టి కాపలా కాచే ఆ వాయువునే మనము చేజేతుల మంచము ప్రక్కకు తెచ్చుకొంటున్నామన్న మాట. నిప్పులు పొగ లేకుండ ఎర్రగా ఉన్నవి కదా అన్న ధైర్యం పనికిరాదు. పొగ కనిపించకపోయినా ఆ వాయువు పుడుతూనే ఉంటుంది. కుంపటిని నిద్రకు ముందు ఆరుబయట పెట్టడం ఒక్కటే మార్గం. ఎవరైనా మూసిన గదిలో స్పృహతప్పి కనిపిస్తే, ముందు తలుపులు, కిటికీలు బార్లా తెరిచి నలుగురిని కేకవేయవలెను. కర్మాగారంలోనైతే తగిన పరికరం లేకుండ లోపలికి ఉరకడం కూడదు. రక్షించబోయినవారు ప్రక్కనే ఒరిగిపోయిన సందర్భాలు లోకంలో అనేకం.

ఇంత చెప్పినందువల్ల ఆ ఆటకు పోవద్దని మా అభిప్రాయం కాదు. తప్పక వెళ్ళండి. తాతలు, మనుమలు ఒక బల్ల చుట్టూ చేరి, ఒకరికి తెలిసినది మరొకరికి చెప్పుకొనే అవకాశం ఈ రోజులలో ఎంత అరుదో మీకు తెలియనిది కాదు. అయితే టిక్కెట్టు కొనే ముందు, బయటికి ఎటు వెళ్ళాలి, కరెంటు పోతే తలుపు ఏమవుతుంది అని అడగండి. చెప్పినదానితో తృప్తిపడక తెరిపించి చూడండి. సరియైన జవాబు రానిచో వెనుదిరగండి. ఎవరు నవ్వినా నష్టం లేదు.

చివరగా ఒక ముచ్చట. హైదరాబాదు నుండి తిరిగివచ్చిన రాత్రి భోజనాలయిన తరువాత, అలిగి కూర్చున్న మా అబ్బాయే హఠాత్తుగా అడిగాడు: “నాన్నా, రాత్రిపూట లోపల్నుంచి వేసే గ్రిల్లు తాళంచెవి ఎక్కడుంటుంది?” దేవుని గూటిలో అన్నాము మేము. టీవీ మీద అన్నది వాడి తల్లి. వెదుకగా వెదుకగా వంటింట్లో పోపుల డబ్బా వెనుక దొరికింది. పదకొండు నిమిషాలు పట్టిందని మా అబ్బాయి గడియారం చూచి ప్రకటించాడు. మరునాడు ఉదయమే వాడు గ్రిల్లు ప్రక్కన, చిన్నపిల్లలకు కూడ అందే ఎత్తులో, బయటివారి చేతికి అందని చోట, ఒక మేకు కొట్టి తాళపుచెవిని దానికి తగిలించాడు. నాటి నుండి అది అక్కడనే ఉంటున్నది.

మీ ఇంట ఆ తాళపుచెవి ఎక్కడ ఉన్నదో, ఈ పత్రికను ప్రక్కన పెట్టిన వెంటనే ఒకసారి లేచి చూచుకొనవలసినదిగా మా మనవి.