చాపకూడుకి లాగిన్ కావాలట!

మాది గురజాల. చిన్నప్పుడు కార్తీక మాసంలో కారెంపూడి వీరుల తిరునాళ్ళకెళ్ళి, మందపోరు రోజు చాపకూడు తిన్నవాణ్ణి. అసలీ వీరుల పూజ గురించి పండితులేం రాశారో చూద్దామని మొన్నామధ్య గూగుల్ స్కాలర్ తెరిచా.

మనం మామూలుగా రాసుకునే స్పెల్లింగుతో కొడితే పెద్దగా ఏం రాలా. బగ్ నాదే! జీన్ రోఘైర్ 1982లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళతో వేయించిన పల్నాటి వీరుల కథ అనువాదంలో, 'వీరుల'కి రెండు 'ఈ'లు ఉండవు, ఒకటే 'ఐ', దానిమీద గీత. కాబట్టి రెండు స్పెల్లింగులూ వెతకాలి. ఇంకో చిట్కా... ఆ పుస్తకాన్ని ఎవరెవరు ఉదహరించారో ఆ లింకులు పట్టుకుపోండి. వెల్చేరు నారాయణరావు గారి జానపద పురాణాల వ్యాసం (1986) జర్నల్లో కాదు, ఒక సంకలనంలో వచ్చింది. ఉత్త జర్నళ్ళే వెతికితే అది తప్పిపోతుంది.

తీరా ఒక వ్యాసం దొరికితే, ముప్ఫై పైచిలుకు డాలర్లు కట్టమంది. జేస్టోర్ నయం, ఉచిత ఖాతాతో నెలకి 100 వ్యాసాలు ఆన్‌లైన్లో చదవనిస్తుంది. 2025 జనవరిలో మొదలైన 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద 13,000 జర్నళ్ళు ఇస్తున్నారు గానీ, అవి ప్రభుత్వ విద్యా, పరిశోధనా సంస్థల వాళ్ళకే. ప్రైవేటు కంపెనీలో కోడు రాసుకునే నాకూ లేదు, ఆ కథ పాడే వీరవిద్యావంతులకీ లేదు.

కులం చూడకుండా అందర్నీ ఒకే చాపమీద కూర్చోబెట్టాడని బ్రహ్మనాయుణ్ణి పొగుడుతాం. ఆ చాపకూడు మీద రాసిన వ్యాసం చదవాలంటే మాత్రం లాగిన్ కావాలి! కనీసం కారెంపూడి గురించి రాసింది కారెంపూడి లైబ్రరీలో దొరకాలంటాను. మీరేమంటారు?