నా మోకాలు, ఒక ఎక్సెల్ షీటు

ఆదివారం క్రికెట్ పుణ్యమా అని నా కుడి మోకాలిలో ఏసీఎల్ తెగింది. తెగినదాన్ని కుట్టేస్తారు కాబోలనుకున్నా. కాదట! చాలావరకు మన ఒంట్లోంచే ఒక టెండన్ ముక్క తీసి, ఎముకల్లో సొరంగాలు తొలిచి దాన్ని బిగిస్తారు. ఆ ముక్కే గ్రాఫ్టు.

ఇంకేముంది, కొత్త ఫోన్ కొనేటప్పుడు చేసే పనే చేశాను. ఎక్సెల్ తెరిచి పటెల్లార్, హామ్‌స్ట్రింగ్, ఈ మధ్య బాగా వినిపిస్తున్న క్వాడ్రిసెప్స్, దాత ఇచ్చేది అని నాలుగు వరసలు రాసుకున్నా.

పటెల్లార్ అంటే మోకాలిచిప్ప కింది టెండన్. రెండు చివర్లా ఎముక ముక్కలతో సహా తీస్తారు కాబట్టి తొందరగా అతుక్కుంటుంది. ఆటగాళ్ళకి చాలామంది సర్జన్లు ఇదే వేస్తారు. కాకపోతే మోకాళ్ళ మీద ఆనితే నొప్పి కొందరికి ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. దీన్ని చిన్న ఇబ్బందిగా తీసిపారేసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నమాజు చేసుకునేవాళ్ళు, టైల్స్ పరిచే మేస్త్రీలు ఏం కావాలి? అంతెందుకు, నేను రోజూ మా పాపకి ఏనుగునవుతాను :)

హామ్‌స్ట్రింగ్ గ్రాఫ్టుకి ఆ నొప్పి తక్కువ. కానీ కాలు బాగా మడిచేటప్పుడు బలం కొంత తగ్గుతుంది, కుర్రాళ్ళలో మళ్ళీ తెగే అవకాశం కాస్త ఎక్కువ. దాత గ్రాఫ్టయితే మన ఒంటికి ఇంకో కోత ఉండదు గానీ, ఆటలాడే కుర్రాళ్ళలో బాగా ఎక్కువగా తెగుతుంది. మొత్తమ్మీద మొదటి రెండిటికీ ఫలితాలు దగ్గరదగ్గరే. నేను ఏనుగు పక్షాన హామ్‌స్ట్రింగ్‌కే ఓటేశా.

అసలు నా గొడవ వేరే. ఆ షీటులో ఫిజియోథెరపీకి వరసే లేదు! 2016లో వచ్చిన డెలావేర్-ఓస్లో అధ్యయనం ప్రకారం, 9 నెలల దాకా ఆట ఎన్ని నెలలు వాయిదా వేస్తే, ఒక్కో నెలకీ మళ్ళీ దెబ్బతినే రేటు సగానికి సగం తగ్గింది. మా టీములో ఒకతను అయిదో నెలలోనే టీం అవుటింగులో షటిల్ ఆడి మళ్ళీ తెంచుకున్నాడు. ఇప్పటికీ గ్రాఫ్టునే తిడతాడు. ఫిజియోకి ఎన్నిసార్లు వెళ్ళావయ్యా అంటే మాట మార్చేస్తాడు.

ఆపరేషన్ వచ్చే నెల. రోజూ సాయంత్రం 6 నుంచి 7 దాకా కాలెండర్ బ్లాక్ చేసేశా. ఆ టైములో కాల్ పెట్టొద్దని మేనేజరుకి చెబితే, "ఎన్నాళ్ళు?" అన్నాడు. తొమ్మిది నెలలు అన్నా. నవ్వాడు. నేను నవ్వలేదు.