ఆటస్థలం హద్దులు పెద్దలకు తెలుసు

నరసన్నపేట చుట్టుపక్కల ఊళ్ళలో బడి ఆటలపోటీలంటే సున్నపుగీతల వెంబడి తాతలు, మామ్మలు కూడా నిలబడి చూస్తారు. తల్లిదండ్రులు విశాఖపట్నానికో, హైదరాబాదుకో పనులకు వలసపోయిన ఇళ్ళలో పిల్లల మంచిచెడ్డలు చూసేది వారే.

మనుమడు గోనెసంచిలో గెంతుతూ పరుగెత్తితే వారికి తమ చిన్నతనం గుర్తుకు వస్తుంది. చెడుగుడు, కర్రాబిళ్ళ, డ్రిల్లు మాస్టారి ఈల, బహుమతిగా అందుకున్న పలక ఒక్కొక్కటే చెప్పుకుంటారు.

ఈ ముచ్చట్లు కాలక్షేపానికే అనుకోరాదు. ఆటస్థలం ఏ గట్టునుంచి ఏ చెట్టుదాకా ఉండేదో పరుగెత్తిన వారికే తెలుసు. అనేకచోట్ల ఆ నేల కొంత గదులకు, కొంత దారికి, కొంత ఆక్రమణలకు పోయింది. ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతున్నది. ఉన్నదో లేదో అడగవలసింది గ్రామస్థులే.

2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్య పతకం గెలిచిన కరణం మల్లీశ్వరి మన జిల్లాలోని ఊసవానిపేటలో పెరిగినవారే. ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళ ఆమె. పల్లె పిల్లలకు సత్తా కరువు కాదు, ఆడుకునే చోటే కరువు.

పోటీలు ఎండ ముదరక ముందే జరపాలి. పెద్దలకు నీడలో బల్లలు వేయాలి. ఆ రోజునే సర్పంచి, ప్రధానోపాధ్యాయుడు వారిని వెంటబెట్టుకుని ఆటస్థలం చుట్టూ తిరగాలి. తరువాత సర్వేయరుచేత కొలిపించి హద్దురాళ్ళు పాతించాలి. చెప్పగలవారు ఉండగానే ఈ పని జరగాలి.