అడవి చదువు అడవిలోనే సాగాలి

అడవుల పెంపకం, యాజమాన్యం నేర్పే డిగ్రీ కళాశాల మన రాష్ట్రంలో ఒకటి ఉన్నదని భద్రాచలం ఏజెన్సీ గూడేలలో ఎంతమందికి తెలుసు? ప్రభుత్వం 2016లో ఆరంభించిన అటవీ కళాశాల, పరిశోధన సంస్థ ములుగులో ఉంది. ములుగు అనగానే మేడారం జాతర జరిగే ములుగు అనుకోవద్దు. ఇది సిద్దిపేట జిల్లాలో, హైదరాబాదు నుంచి కరీంనగర్ పోయే రాజీవ్ రహదారి మీది ములుగు. ఇంటర్‌లో బైపీసీ చదివి ప్రవేశ పరీక్షలో ర్యాంకు తెచ్చుకున్న పిల్లలు అక్కడ నాలుగేళ్లు అటవీ శాస్త్రం చదువుతారు.

ఈ కళాశాల రావడం మంచిదే. తెల్లదొరల కాలంలో, 1878లో డెహ్రాడూన్‌లో అటవీ పాఠశాల పెట్టింది ప్రధానంగా కొలువు చేసే ఉద్యోగుల కోసం. మామూలు విద్యార్థులు డిగ్రీగా అటవీ శాస్త్రం చదివే వీలు దేశంలో 1985 తర్వాతనే కలిగింది. నర్సరీ పెంచడం, చెట్టు చుట్టుకొలత తీసి కలప లెక్క కట్టడం, నేల తీరు చూసి మొక్కను ఎంచడం ఇందులో నేర్పుతారు. చివరి ఏడాదిలో విద్యార్థి బయటికి పోయి రేంజి కార్యాలయంలోనూ, పల్లెలోనూ పని నేర్చుకోవాలని పాఠ్యప్రణాళికలోనే ఉన్నది.

ఆ పని ఎక్కడ నేర్చుకోవాలన్నదే ప్రశ్న. పాల్వంచ పక్కన కిన్నెరసాని అభయారణ్యం ఉంది. 1977లో ప్రకటించిన ఈ అడవి 635 చదరపు కిలోమీటర్లు. కొత్తగూడెం నుంచి గోదావరి అవతలి గట్టుదాకా టేకు, మద్ది, తునికి, ఇప్ప చెట్ల అడవులున్నాయి. ఇంతకంటె మంచి తరగతి గది రాష్ట్రంలో ఎక్కడ దొరుకుతుంది?

తునికాకునే తీసుకుందాం. వేసవికి ముందే కొమ్మ కొట్టించకపోతే లేత చిగురు రాదు, బీడీకి పనికొచ్చే ఆకు దొరకదు. యాభై ఆకులు ఒక కట్ట. ఏ పొదను కొట్టాలి, ఎంత ఎత్తున కొట్టాలి అన్నది కోయ ఆడవాళ్లకు చేతి మీది విద్య. తపసి జిగురు సంగతీ అంతే. గొడ్డలితో లోతుగా నరికితే చెట్టు చస్తుంది. పైపైన గాటు పెట్టి, గాయం మానే గడువిస్తే ఏళ్ల తరబడి జిగురిస్తుంది. ఇప్ప పువ్వు ఏరడానికి చెట్టు కింద ఎండుటాకు తగలబెట్టడం చాలాచోట్ల అలవాటు. ఆ నిప్పు పాకితే మొలకలన్నీ మాడిపోతాయి. నిప్పుకు బదులు చెట్టు కింద వల పరిస్తే సరిపోతుందని శాస్త్రం చదివినవాళ్లు చెప్పాలి. ఏ చెట్టు కింద ఎప్పుడు పరచాలో గూడెం వాళ్లు చెప్పాలి. ఇద్దరూ ఒకచోట కూర్చుంటేనే పని జరుగుతుంది.

కూర్చోకపోతే ఏమవుతుందో మన జిల్లా చూసింది. పోడు కొట్టినవాళ్లకూ, మొక్కలు నాటేవాళ్లకూ మధ్య ఏళ్లుగా తగవు నడుస్తున్నది. 2022 నవంబరు 22న చండ్రుగొండ మండలంలో ప్లాంటేషన్ కాపాడబోయిన రేంజి ఆఫీసరు చలమల శ్రీనివాసరావు దాడిలో ప్రాణాలు కోల్పోయారు. ఆ మరుసటేడు రాష్ట్రంలో నాలుగు లక్షల ఎకరాల పైచిలుకు పోడు భూములకు ప్రభుత్వం పట్టాలిచ్చింది. పట్టా వచ్చినంత మాత్రాన తగవు తీరదు. పట్టా అందని వాళ్లున్నారు, హద్దు తేలని గట్లున్నాయి. రేపు ఆ హద్దు మీద నిలబడే అధికారి గూడెం బతుకు ఎరిగినవాడైతే మాటతో పోయేది, ఎరగనివాడైతే దెబ్బలాట దాకా పోతుంది.

చట్టం కూడా ఇదే చెబుతున్నది. 2006 అటవీ హక్కుల చట్టం వ్యక్తులకు భూమి హక్కు ఇచ్చి ఊరుకోలేదు. ఊరి ఉమ్మడి అడవిని కాపాడుకునే హక్కు, దాని యాజమాన్యం చూసుకునే హక్కు ఊరికే ఇచ్చింది. అటువంటప్పుడు అటవీ యాజమాన్యం అనే చదువులో గ్రామసభ కూడా ఒక బడి కావాలి.

అందుకని మూడు పనులు చేయవచ్చు. మొదటిది, విద్యార్థులను రెండు రోజుల యాత్రకు కాక, తునికి కొమ్మ కొట్టే రోజుల నుంచి తొలకరి దాకా ఒక గూడెంలో ఉంచాలి. రెండోది, అడవి తెలిసిన పెద్దలను, జిగురు తీసేవాళ్లను, ఆకు కోసే ఆడవాళ్లను గురువులుగా పిలిచి పాఠానికి ఇంత అని డబ్బు చెల్లించాలి. మూడోది, గిరిజన గురుకులాల్లో బైపీసీ చదివే పిల్లలకు ఈ కోర్సు సంగతి చెప్పి, ప్రవేశ పరీక్షకు భద్రాచలం ఐటీడీఏ ద్వారా తర్ఫీదు ఇప్పించాలి. కోయ మాట వచ్చిన పిల్ల రేంజి ఆఫీసరయితే సగం తగాదాలు పుట్టనే పుట్టవు.

వచ్చే విద్యార్థులను ఫారెస్టువాళ్ల వేగులని గూడేలు అనుమానిస్తాయని కొందరనవచ్చు. ఆ అనుమానం ఊరికే పుట్టలేదు, కేసులు మోసినవాళ్లకు అది సహజం. అందుకే విద్యార్థి గ్రామసభ అనుమతితోనే రావాలి. అతను రాసుకున్నది ఊరి ముందు చదివి వినిపించాలి. అది ఎవరి మీదా కేసుకు ఆధారం కాకూడదు. ఈ మాట ముందే రాసిస్తే భయం తగ్గుతుంది.

జామాయిల్ మొక్క మన చేల గట్ల దాకా ఎలా వచ్చిందో రైతులకు తెలుసు. సారపాక కాగితం మిల్లుకు కలప కావలసి వచ్చింది గనుక మంచి మొక్క, దానితోబాటు మెలకువలు చేను దాకా నడిచి వచ్చాయి. సహజమైన అడవికి అలాంటి కొనుగోలుదారు లేడు. దాని కోసం చదువే నడిచి రావాలి. కళాశాల పెద్దలు, అటవీ శాఖ, ఐటీడీఏ ఒకచోట కూర్చుని వచ్చే తునికాకు సీజనుకైనా ఈ పని మొదలుపెట్టాలి. గ్రామసభలు కూడా ఎవరో అడిగేదాకా ఆగకుండా, పిల్లలను మా ఊరికి పంపండని తీర్మానం చేసి పంపితే మేలు.