ఫోన్‌లో పేకాటే.. కానీ పందెం లేదు! ఆన్‌లైన్ బ్రిడ్జ్ పోటీల్లో దిగాలంటే ముందు తెలుసుకోవాల్సింది ఇదీ..

'ఫోన్‌లో పేకాట' అన్న మాట వినగానే చాలా తెలుగు ఇళ్లలో పెద్దవాళ్ల ముఖం మారిపోతుంది. కారణం తెలిసిందే. ఆన్‌లైన్ రమ్మీలో ఆవిరైన జీతాలు, లోన్ యాప్‌ల అప్పులు, ఆ తర్వాత జరిగిన ఘోరాలు వార్తల్లో వస్తూనే ఉన్నాయి. పందెం పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను అడ్డుకునేందుకు తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో గేమింగ్ చట్టాలను సవరించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఏకంగా ఆన్‌లైన్ మనీ గేమ్స్‌ను నిషేధిస్తూ చట్టం చేసింది.

అయితే అదే ఫోన్‌లో, అదే 52 ముక్కలతో ఆడే ఇంకో ఆట ఉంది. పందెం అక్కర్లేదు, పోటీ మాత్రం మామూలుగా ఉండదు. అదే బ్రిడ్జ్. రమ్మీ యాప్ డిలీట్ చేసి ఇటు చూస్తున్నవాళ్లూ, రిటైరయ్యాక బుర్రకు పని చెప్పాలనుకునేవాళ్లూ ముందుగా అడిగే ప్రశ్న ఒక్కటే.. ఎక్కడ మొదలెట్టాలి? దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది. ఎవరితో మొదలెట్టాలి?

60 ఏళ్ల వయసులో గోల్డ్ మెడల్

బ్రిడ్జ్ అంటే క్లబ్బుల్లో పెద్ద ఆఫీసర్లు ఆడుకునే ఆట అన్న పేరుంది. కానీ 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ఇదీ ఒక మెడల్ ఈవెంట్. ఆ ఆటల్లో బ్రిడ్జ్‌ను చేర్చడం అదే మొదటిసారి. పురుషుల పెయిర్స్‌లో ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ జోడీ భారత్‌కు గోల్డ్ తెచ్చింది. అప్పటికి ఒకరికి 60 ఏళ్లు, ఇంకొకరికి 56. ఇద్దరూ పశ్చిమ బెంగాల్ వాళ్లే. అదే ఆటల్లో పురుషుల టీమ్, మిక్స్‌డ్ టీమ్ కాంస్యాలు గెలిచాయి. 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో పురుషుల టీమ్ ఫైనల్ దాకా వెళ్లి, హాంకాంగ్ చేతిలో ఓడి సిల్వర్‌తో తిరిగొచ్చింది.

ఆన్‌లైన్‌లో ఈ ఆటకు బాగా తెలిసిన ముఖం మాత్రం వారెన్ బఫెట్. అమెరికా కుబేరుడు చాలా ఏళ్లుగా 'టీ-బోన్' అనే యూజర్ నేమ్‌తో ఇంటర్నెట్‌లో బ్రిడ్జ్ ఆడుతున్నారు. ఆయనకు కంప్యూటర్ అలవాటైంది కూడా ఈ ఆట కోసమే. దగ్గరుండి నేర్పించింది ఆయన బ్రిడ్జ్ పార్ట్‌నర్, రెండుసార్లు ప్రపంచ చాంపియన్ అయిన షారన్ ఆస్‌బర్గ్.

చెత్త ముక్కలొచ్చినా ఫస్ట్ రావచ్చు!

ఆట స్థూలంగా ఇంతే. నలుగురు ఆటగాళ్లు, ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు ఒక జోడీ. ఒక్కొక్కరికి 13 ముక్కలు. నలుగురూ తలా ఒక ముక్క వేస్తే ఒక ట్రిక్. ఎన్ని ట్రిక్‌లు గెలుస్తామో, ఏ రంగు తురుఫుగా గెలుస్తామో ముందే పాట పాడాలి. అచ్చం వేలం పాటే. పాట గెలిచినవాళ్లలో ఒకరు ఆడతారు, రెండోవారి ముక్కలు అందరికీ కనిపించేలా పరుస్తారు. ఆ పరిచిన చేతినే డమ్మీ అంటారు.

పోటీ అసలు కిటుకు వేరే చోట ఉంది. క్లబ్ బ్రిడ్జ్‌లో ఆడేది 'డూప్లికేట్' పద్ధతి. అంటే ఒక టేబుల్‌లో వచ్చిన ముక్కలే మిగతా టేబుళ్లలోనూ వస్తాయి. ఎవరి లక్కు వాళ్లది అనడానికి లేదు. అందరికీ అదే చేయి, ఎవరు బాగా ఆడారన్నదే లెక్క.

ఉదాహరణకు ఆరు టేబుళ్లు అనుకుందాం. నార్త్-సౌత్ జోడీకి మంచి ముక్కలొచ్చాయి. ఒక టేబుల్‌లో నాలుగు ఇస్పేట్లు పాడి 11 ట్రిక్‌లు గెలిచారు, 450 పాయింట్లు. ఇంకో టేబుల్‌లో తురుఫు లేకుండా మూడు పాడి 10 ట్రిక్‌లు తెచ్చారు, 430. మూడు టేబుళ్లలో నాలుగు ఇస్పేట్లు పాడి సరిగ్గా 10 ట్రిక్‌లే చేశారు, 420. చివరి టేబుల్‌లో ఒక ట్రిక్ తక్కువై మైనస్ 50. ఇప్పుడు ప్రతి జోడీనీ అదే వైపు కూర్చున్న మిగతా ఐదు జోడీలతో పోలుస్తారు. 450 వచ్చినవాళ్లకు 100 శాతం. 430కి 80 శాతం. 420 వచ్చిన మూడు జోడీలకు 40 శాతమే. మైనస్ 50కి సున్నా.

430కీ 420కీ తేడా కేవలం పది పాయింట్లు. ఆ పది పాయింట్లే సగం మార్కులు కోసేశాయి. ఇక రెండో వైపు చూడండి. చేతిలో ఏమీ లేని ఈస్ట్-వెస్ట్ జోడీ 420 సమర్పించుకున్నా 60 శాతం సంపాదించింది. ఎందుకంటే అవే చెత్త ముక్కలతో కొన్ని టేబుళ్లలో 430, 450 ఇచ్చేశారు. ముక్కలు రాలేదన్న సాకు ఇక్కడ చెల్లదు. రసం కోసం పందెం కాయాల్సిన అవసరం రాకపోవడానికి కూడా ఇదే కారణం.

కోవిడ్ తెచ్చిన మార్పు

ఆన్‌లైన్ బ్రిడ్జ్ కొత్తదేం కాదు. అందరూ 'బీబీఓ' అని పిలిచే బ్రిడ్జ్ బేస్ ఆన్‌లైన్ 2001 నుంచే ఉంది. కానీ సీరియస్ క్లబ్ ప్లేయర్లకు అది ప్రాక్టీస్ గ్రౌండ్ లాంటిది మాత్రమే. 2020 మార్చి తర్వాత సీన్ మారింది. ఆటగాళ్లలో ఎక్కువ మంది పెద్ద వయసు వాళ్లు కావడంతో క్లబ్బులు తలుపులు మూసేశాయి. అమెరికాలో బ్రిడ్జ్ వ్యవహారాలు చూసే ఏసీబీఎల్, క్లబ్బులు తమ సొంత పోటీలను బీబీఓలో 'వర్చువల్ క్లబ్' పేరుతో నడుపుకునేలా ఏర్పాటు చేసింది. అదే ఏడాది బ్రిటన్‌లో రియల్‌బ్రిడ్జ్ మొదలైంది. ఇందులో వీడియో, ఆడియో ఉంటాయి. టేబుల్‌లో ఉన్న నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూస్తూ ఆడొచ్చు. కోవిడ్ పోయాక క్లబ్బులు తెరిచినా ఆన్‌లైన్ టేబుళ్లు మాత్రం ఖాళీ కాలేదు. క్లబ్ లేని ఊళ్లో ఉండేవాళ్లకు దారి దొరికింది మరి.

మొదటి నెల రోబోలతో..

కొత్తవాళ్లు చేసే మొదటి తప్పు.. యాప్ దింపుకున్న రోజే మనుషులతో టేబుల్ ఎక్కడం. తప్పు పాట పాడితే నష్టపోయేది ఒక్కరు కాదు, ఎదురుగా ఉన్న పార్ట్‌నర్ కూడా. కోపమొచ్చి మధ్యలోనే లేచిపోయేవాళ్లు ఉంటారు. అందుకే మొదటి కొన్ని వారాలు రోబోలతో ఆడటం మేలు. బీబీఓలో రోబో టేబుళ్లున్నాయి. ఫన్‌బ్రిడ్జ్ యాప్ ప్రధానంగా ఆ పద్ధతి మీదే నడుస్తుంది. రోబో విసుక్కోదు. ఆట మధ్యలో ఆపి టీ తాగొచ్చినా ఏమీ అనదు.

ముందుగా వంటబట్టాల్సింది చేతిని లెక్కపెట్టడం. ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1. పేక మొత్తం మీద 40 పాయింట్లు. మామూలుగా 12, 13 పాయింట్లుంటే పాట మొదలెడతారు. ఇద్దరి చేతుల్లో కలిపి పాతిక దాటితే 'గేమ్' దాకా వెళ్లే ప్రయత్నం చేస్తారు. కళావరు, డైమండ్, ఆఠీన్, ఇస్పేటు, ఆపైన తురుఫు లేని ఆట.. పాటలో హోదా ఈ వరుసలో పెరుగుతుంది. రమ్మీ అలవాటున్నవాళ్లకు పడిన ముక్కలను గుర్తుపెట్టుకోవడం కొత్తేమీ కాదు. ఆ గుణం ఇక్కడ బాగా పనికొస్తుంది.

పాట పాడటం అంటే పార్ట్‌నర్‌తో మాట్లాడటమే. కానీ ఆ భాషలో ఉన్నవి కొద్ది మాటలే. ఏ పాటకు ఏ అర్థమో ఇద్దరూ ముందే ఒప్పందం చేసుకోవాలి. దాన్నే సిస్టమ్ అంటారు. బీబీఓలో ముక్కూమొహం తెలియని పార్ట్‌నర్ దొరికితే ఎక్కువగా వాడేది 'ఎస్ఏవైసీ' అనే అమెరికన్ పద్ధతి. ఇందులో ఇస్పేటు గానీ ఆఠీన్ గానీ ఒకటి పాడి మొదలెట్టాలంటే ఆ రంగులో ఐదు ముక్కలుండాలి. తురుఫు లేకుండా ఒకటి పాడితే 15 నుంచి 17 పాయింట్లున్నాయని అర్థం. మొదట్లో ఇంతకు మించి పెద్దగా అక్కర్లేదు. యూట్యూబ్ చూసి పది కన్వెన్షన్లు బట్టీ పట్టి, సగం ఆటలో వాటి అర్థం మర్చిపోయే జోడీలకు కొదవ లేదు. అర్థం తెలిసిన నాలుగు పాటలున్న జోడీ వాళ్లను సులువుగా ఓడిస్తుంది.

ఇక పార్ట్‌నర్ ఎవరన్నది అసలు విషయం. రోజుకొకరితో ఆడితే ఆట తెలుస్తుంది గానీ పోటీలో పైకి రావడం కష్టం. బర్ధన్, సర్కార్ గెలిచింది జోడీగానే కదా. ఒకే స్థాయిలో ఉన్న మనిషిని వెతుక్కుని, వారానికి ఒకటి రెండు పోటీలు ఆడి, అయ్యాక తేడా కొట్టిన చేతుల గురించి తీరిగ్గా మాట్లాడుకోవాలి. ఆన్‌లైన్‌లో ఇది చాలా సులువు. ఆడిన ప్రతి చేయీ రికార్డయి ఉంటుంది. మిగతా టేబుళ్లలో ఏం పాడారో, ఏ ముక్క వేశారో తెరిచి చూడొచ్చు. మామూలు క్లబ్‌లో ఇంత వివరంగా చూసే వీలు ఉండదు.

ఫోన్‌లో ఆడితే ఈ జాగ్రత్తలు

చిన్న స్క్రీన్ మీద 13 ముక్కలు ఇరుకుగా ఉంటాయి. రాణిని నొక్కబోయి జాకీని నొక్కితే చేయి పోయినట్టే. పాటకు, ముక్కకు 'కన్ఫర్మ్' అడిగే సెట్టింగ్ ఆన్ చేసుకోవడం మంచిది. క్లబ్ పోటీల్లో టైమ్ లిమిట్ ఉంటుంది, ఒక్కో చేతికి ఆరేడు నిమిషాలు అనుకోవచ్చు. నెట్ పోయి తిరిగి రాకపోతే డైరెక్టర్ వేరేవాళ్లను ఆ సీట్లో కూర్చోబెట్టవచ్చు. అప్పుడు పార్ట్‌నర్ అపరిచితుడితో మిగతా ఆట ఈదాలి. కరెంటు కోతల టైమ్‌లో మొబైల్ డేటా రెడీగా ఉంచుకోవడం అందుకే.

ఆన్‌లైన్‌లో 'అలర్ట్' పద్ధతి కూడా వేరు. మామూలు క్లబ్‌లో ప్రత్యేక అర్థమున్న పాట పాడితే పార్ట్‌నర్ ప్రత్యర్థులకు చెబుతారు. ఇక్కడ ఎవరి పాటను వాళ్లే టైప్ చేసి వివరించాలి. అది ప్రత్యర్థులకే కనిపిస్తుంది, పార్ట్‌నర్‌కు కనిపించదు. ఏదైనా తేడా అనిపిస్తే డైరెక్టర్‌ను పిలవడం మామూలు విషయమే, ఎవరి మీదో కంప్లైంట్ ఇచ్చినట్టు కాదు.

పక్క గదిలో పార్ట్‌నర్.. చేతిలో ఇంకో ఫోన్

ఆన్‌లైన్ బ్రిడ్జ్‌కు పట్టిన అతిపెద్ద జబ్బు చీటింగ్. భార్యాభర్తలు ఒకే ఇంట్లో కూర్చుని జోడీగా ఆడుతుంటే మధ్యలో ఉన్నది ఒక గోడే. స్నేహితులైతే వాట్సాప్ కాల్ చాలు. ఇంకా దారుణమైన పద్ధతి మరొకటి ఉంది. ఇంకో అకౌంట్‌తో ప్రేక్షకుడిలా లాగిన్ అయి, తాము ఆడుతున్న టేబుల్‌లోనే నలుగురి ముక్కలూ చూడటం. 2020లో పోలండ్‌కు చెందిన ఒక టాప్ ప్లేయర్ ఇలా చేసినట్టు స్వయంగా ఒప్పుకోవడంతో బ్రిడ్జ్ లోకం ఉలిక్కిపడింది. డబ్బు లేదు, మెడల్ లేదు, లాక్‌డౌన్‌లో ఆడుకున్న ఆన్‌లైన్ ఆటల్లో ఇదీ కథ.

ఆ తర్వాత పోటీలు నడిపేవాళ్లు ప్రేక్షకులను కట్టడి చేయడం మొదలెట్టారు. అనుమానాస్పద ఆటను గణాంకాలతో పట్టుకునేందుకు ఏసీబీఎల్ 'ఎడ్గార్' అనే టూల్ తెచ్చింది. ఒక్క చేతిలో అదృష్టం కలిసొచ్చి అద్భుతంగా ఆడితే ఎవరూ పట్టించుకోరు. వందల చేతుల్లో ప్రతిసారీ కనిపించని రాణి ఎక్కడుందో 'ఊహించేస్తుంటే' మాత్రం లెక్కలు చెప్పేస్తాయి. కొత్త జోడీలు ఆట సమయంలో వాట్సాప్ పక్కన పెట్టేయాలన్నది ఇందుకే. 'సారీ, తప్పు నొక్కాను' అన్న అమాయకపు మెసేజ్ కూడా రూల్ ప్రకారం ఇవ్వకూడని సమాచారమే.

టేబుల్ ఫీజు కడితే జూదమా?

ఇక చట్టం సంగతి. ఈ చర్చకు మన దగ్గరే పాత మూలం ఉంది. సికింద్రాబాద్‌లోని ఓ రిక్రియేషన్ క్లబ్‌లో రమ్మీ ఆడినందుకు పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1967 నవంబరులో తీర్పు వచ్చింది. రమ్మీలో నైపుణ్యమే ప్రధానమని చెబుతూ, అందులో ఉన్న అదృష్టం పాలు బ్రిడ్జ్ పంపకంలో ఉండే అదృష్టం లాంటిదేనని కోర్టు పోల్చింది. అంటే బ్రిడ్జ్ నైపుణ్యపు ఆట అన్నది అప్పటికే కొలబద్ద.

కానీ 2025 చట్టం ఆ గీతను చెరిపేసింది. నైపుణ్యమా, అదృష్టమా అన్నది ఇప్పుడు అనవసరం. ఫీజు గానీ పందెం గానీ కట్టి, డబ్బు లాభం వస్తుందన్న ఆశతో ఆడితే అది మనీ గేమ్. అలాంటివి నడిపేవాళ్లకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. కేవలం ఆడటానికి కట్టే సబ్‌స్క్రిప్షన్, ప్రవేశ రుసుములకు 'సోషల్ గేమ్స్' కింద చోటిచ్చింది. ఈ చట్టాన్ని సవాల్ చేసిన పిటిషన్లను సుప్రీంకోర్టు హైకోర్టుల నుంచి తన దగ్గరకు తెప్పించుకుంది.

ఈ లెక్కన చూస్తే టేబుల్ ఫీజు కట్టి, గెలిస్తే మాస్టర్ పాయింట్లు మాత్రమే వచ్చే క్లబ్ ఆట ఒక వైపు ఉంటుంది. 'ఎంట్రీ ఫీజు ఇంత, ఫస్ట్ ప్రైజ్ క్యాష్ ఇంత' అని ఊరించే ఆన్‌లైన్ పోటీ రెండో వైపు పడే ప్రమాదం ఉంది. బ్రిడ్జ్ పేరు చెప్పి డబ్బు లింకులు పంపే గ్రూపులు ఎదురైతే దూరంగా ఉండటమే తెలివి. అసలు ఆటకు ఆ డబ్బుతో పనే లేదు.

టైమింగ్స్ చూసుకుని దిగాలి

చివరిగా ఒక చిక్కు. విదేశీ క్లబ్బుల సాయంత్రం పోటీలు మనకు అర్ధరాత్రి అవుతాయి. వేసవిలో లండన్‌లో రాత్రి 7.30 అంటే ఇక్కడ సరిగ్గా 12. న్యూయార్క్‌లో సాయంత్రం 7 అంటే తెల్లవారుజామున 4.30. మరోవైపు డల్లాస్‌లో శనివారం ఉదయం 9 గంటలంటే వేసవిలో హైదరాబాద్‌లో రాత్రి 7.30. అమెరికాలో ఉన్న కొడుకో కూతురో పార్ట్‌నర్ అయితే వారానికోసారి ఇద్దరికీ కుదిరే టైమ్ అది. కొన్ని పోటీల్లో క్లబ్ సభ్యులకే ఎంట్రీ ఉంటుంది, తక్కువ మాస్టర్ పాయింట్లు ఉన్నవాళ్లకు విడిగా పోటీలూ ఉంటాయి. పేరు ఇచ్చే ముందు ఆ షరతు చదువుకోవాలి. మొదటి పోటీలో 40 శాతం దాటితే, ఆ రాత్రికి పార్ట్‌నర్‌తో గొడవ పడకుండా ఉంటే, కొత్త జోడీకి అది బాగా గడిచిన ఆటే.